కొత్త కాకముందు వండిన చిక్కుడు

అప్ప పోయిందన్న కబురు మంగళవారం పొద్దున్నే వాళ్ళ కోడలు తెచ్చింది. అప్పటికి నేను మంచం మీంచి లేచే పనిలో ఉన్నాను. లేవడం కూడా ఒక పనేనా అని మీకు అనిపించవచ్చు. పొగమంచు దిగే రోజుల్లో నాకు అది పనే. ముందు పక్కకి తిరగాలి, తర్వాత మోచేతి మీద బరువు మోపాలి, ఆ మోచెయ్యి ఒప్పుకోకపోతే రెండోదాన్ని బతిమాలుకోవాలి. నేనా బతిమాలుకోవడంలో ఉండగా ఆమె గుమ్మంలో నిలబడి, "అత్త పోనాది టీచరమ్మా" అంది. "టీ తాగుతానంటే ఎట్టడానికి ఎల్లినాను. తెచ్చేసరికి లేదు."

అంతే చెప్పి వెళ్ళిపోయింది. చావింట్లో కోడలికి బోలెడు పనులుంటాయి.

నాకు మొదట ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అంతకు నాలుగు రోజుల కిందటే నేను అప్పతో గొడవపడి వచ్చేశాను. తప్పు నాదేనని ఆ సాయంత్రానికే తెలిసింది. వెళ్ళి ఒక మాట చెప్పి వద్దామని నాలుగు రోజులూ అనుకుంటూనే ఉన్నాను. మా రెండు ఇళ్ళకీ మధ్య గట్టిగా ఇరవై అడుగులు ఉండవు. ఆ ఇరవై అడుగులు నడవడానికి నాకు నాలుగు రోజులు చాలలేదు. ఇంతలో ఆమె వెళ్ళిపోయింది. ఎవరి మీద కోపమో నాకే తెలియలేదు. ఆమె మీదా, నా కాళ్ళ మీదా, ఆ మంచు మీదా, అందరి మీదా వచ్చింది.

మా బొబ్బిలి వైపు అక్కని అప్ప అంటాం. ఆమె నాకు అక్కేమీ కాదు, వయసులో దాదాపు మా అమ్మంత. మా బడిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండేది, నేను అద్దెకున్న ఇంటికి పక్కిల్లు ఆమెది. అరకు నుంచి పాడేరు వెళ్ళే రోడ్డు మీద దిగి, కాఫీ తోటల్లోంచి పైకి నడిస్తే మా ఊరు. బదిలీ మీద ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. వచ్చిన మొదటి వారం ఏమని పిలవాలో తెలియక అప్పా అన్నాను. ఆమె "ఊఁ" అంది. అంతే, ఇక మార్చలేదు.

నా జబ్బు గురించి కొంచెం చెప్పాలి, చెప్పకపోతే ఆమె గురించి చెప్పడం కుదరదు. ఒళ్ళంతా నొప్పులు. ఒక రోజు భుజాల్లో, ఒక రోజు తొడల్లో, ఒక రోజు ఎక్కడని చెప్పలేనంతగా అన్నిచోట్లా. నిద్రపోయి లేచినా నిద్రపోనట్టే ఉంటుంది. కొన్నాళ్ళు సర్దుకుంటుంది, మళ్ళీ తిరగబెడుతుంది. తిరగబెట్టిన రోజుల్లో దుప్పటి తగిలినా నొప్పే, పోపు వాసన కూడా భరించలేను. బుర్ర మొద్దుబారిపోయి, హాజరు వేస్తూ వేస్తూ పిల్లల పేర్లు మరిచిపోతాను. మొదటి మూడేళ్ళూ ఏ పరీక్ష చేయించినా అన్నీ బాగున్నాయనే వచ్చింది. ఆ మాట విన్నప్పుడల్లా ఆ కాగితాలు చింపి పారేయాలనిపించేది. చివరికి విశాఖపట్నంలో ఒక డాక్టరు గారు దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారని చెప్పారు. పూర్తిగా పోదన్నారు, మనమే సర్దుకుని బతకాలన్నారు. మాత్రలు రాసి, "వేళకి తినండి, తాజాగా వండుకుని తినండి, ప్యాకెట్ తిండి మానండి, ఆందోళన పెట్టుకోకండి" అని చెప్పి పంపారు.

మంచాయనే. కానీ బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ నాకు ఒకటే మంట. తాజాగా వండుకోమన్నారు సరే, ఎవరు వండుతారు? కత్తి పట్టుకుంటే వేళ్ళు మూసుకోవు. కుక్కరు మూత బిగించలేను. చింతపండు పిసకలేను. సీసా మూత తిప్పలేక పచ్చడి లేకుండా తిన్న రోజులు ఎన్నో. బాగా తింటే నొప్పులు తగ్గుతాయట. నొప్పులు తగ్గితే కదా వండుకుని బాగా తినేది. ఇందులో ఎటు వైపు నుంచి మొదలుపెట్టాలో ఏ చీటీలోనూ రాయలేదు. బడిలో మా హెడ్మాస్టారు, "చూడ్డానికి బాగానే ఉన్నారు కదా మేడమ్" అనేవారు. ఆయన ఓదార్పుగానే అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్ప ఈ సంగతి కనిపెట్టింది ఒక సెలవు రోజున. రెండు రోజులుగా నేను తలుపు తీయలేదు. ఆమె వెనక గుమ్మంలోంచి నేరుగా మంచం దాకా వచ్చేసింది. మంచం పక్కన బన్ను ప్యాకెట్టు, రెండు బిస్కెట్ల ప్యాకెట్లు, పొడి పొడిగా తిన్న నూడుల్స్ కవరు ఉన్నాయి. వంగి ఒక్కొక్కటీ తీసి చూసింది.

"ఏటియి?"

"తిండి."

"ఎవులికి?"

నాకు ఉక్రోషం వచ్చింది. నాకే, ఇంకెవరికి అన్నాను. నా జబ్బు పేరు చెప్పాను. డాక్టరు చెప్పినదంతా చెప్పాను. చెబుతూ ఉంటే ఏడుపు వచ్చింది. "ఇది ఎవరికీ కనపడదప్పా. అందుకే ఎవరూ నమ్మరు" అన్నాను.

"ఆకలి కనపడతాదేటి?" అంది ఆమె. "కనపడదని ఎవులైనా కూడు మానేత్తారా?"

ఆ తర్వాత ఆమె నా నొప్పి నిజమా కాదా అన్న ప్రశ్న ఎప్పుడూ వేయలేదు. తొమ్మిదేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడగని మనిషి ఆమె ఒక్కతే. జాలి కూడా పడలేదు. బన్ను ప్యాకెట్టు తీసుకెళ్ళి కోళ్ళకి వేసేసి, చెంబుడు చోడి అంబలి తెచ్చింది. చోడి అంటే రాగులే. అందులో ఇంత మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్క చేతిలో పెట్టి, తాగేదాకా ఎదురుగా కూర్చుంది. నాకు అంబలి ఇష్టం లేదని చెప్పాను. "ఇట్టం నిన్నెవులు అడిగినారు" అంది.

అలా రోజూ ఆమే తెచ్చిపెట్టి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది. ఆమె అలా చేసే మనిషి కాదు. వారం రోజులు తెచ్చి, ఎనిమిదో రోజున ఖాళీ చేతులతో వచ్చింది. "ఇంక నువ్వే వొండు. నాను సూత్తాను" అంది.

వంటగట్టు ముందు నిలబడితే నాకు పది నిమిషాల్లో నడుము పట్టేస్తుందన్నాను. "నిలబడి వొండమని ఎవులు సెప్పినారు?" అని స్టవ్ తీసి కింద పెట్టింది. వాళ్ళిళ్ళలో పొయ్యి నేల మీదే, వంటంతా కూర్చునే. నేనూ కూర్చున్నాను. పప్పు ఉడికింది, లేవలేకపోయాను. ఆమె చంకల కింద చేతులేసి లాగింది, నేను కేకలు పెట్టాను, ఇద్దరం కలిసి గోడకి కొట్టుకున్నాం. ఆమె నవ్వి నవ్వి అక్కడే కూలబడింది. నాకు నవ్వు రాలేదు. ఒక ముసలమ్మ చేత లేపించుకునే వయసా నాది అని కుంగిపోయాను. ఆ సాయంత్రం ఆమె బడి సామాన్ల గదిలోంచి కాలు విరిగిన బెంచీ ఒకటి మోసుకొచ్చి, మిగిలిన కాళ్ళు కూడా సమంగా కోయించి, దాని మీద స్టవ్ పెట్టింది. ముందు కుర్చీ వేసింది. బడి బెంచీ ఎలా తెస్తావని హెడ్మాస్టారు అడిగితే, "ఇరిగిపోనాది కదా బాబూ, పొయ్యిలో ఎట్టమన్నావేటి?" అని అడిగిందట. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

నేను వండటం అలా మొదలైంది. ఆమె నాకు నేర్పిన వంటలు పెద్దగా ఏమీ లేవు. వండలేని చేతులతో ఎలా వండాలో నేర్పింది. చింతపండు పిసకలేకపోతే పలచని గుడ్డలో మూట కట్టి ఉడుకుతున్న చారులో వేసి, పులుపు దిగాక తీసేయమంది. ఆకుకూర కత్తితో కోయొద్దు, తుంచి పడేయమంది. ఒకసారి గుమ్మడికాయ ముందు కత్తి పట్టుకుని నేను ఏడుపు మొహంతో కూర్చుంటే, నా చేతిలోంచి కాయ లాక్కుని గుమ్మం బయట రాతి మీదకి విసిరింది. నాలుగు చెక్కలైంది. "ఇంకేటి కోత్తావు, ఉడకెట్టు" అంది. తొక్కతోనే ఉడికించి, చెంచాతో గీకి, బెల్లం వేసుకుని తిన్నాం. ఇన్నేళ్ళూ గుమ్మడికాయని చూసి భయపడ్డానే అనుకున్నాను.

మంచి రోజుల్లో నాకు దురాశ పుట్టేది. నొప్పి లేదని తెలియగానే ఇల్లంతా కడిగి, నాలుగు రకాలు వండి, బట్టలన్నీ ఉతికి, మర్నాటి నుంచి నాలుగు రోజులు మంచం ఎక్కేదాన్ని. అప్పకి అది చూస్తే ఎక్కడలేని కోపం. "ఒళ్ళు బాగున్న నాడు సగం పనే సెయ్యి. మిగిలిన సగంతో ఒళ్ళు బాగోని నాటికి వొండు" అనేది. ఆ మాట ప్రకారమే మంచి రోజుల్లో కందిపొడి కొట్టుకుని పెట్టుకున్నాను. సామలు వేయించి, మరిగే నీళ్ళలో వేస్తే చాలు అన్నట్టు డబ్బాలో పోసుకున్నాను. వెదురు కొమ్ములు, అంటే లేత వెదురు మొలకలు, ఎండబెట్టుకున్నాను. డబ్బాలకి బిగుతు మూతలు తీసేసి, పైన గుడ్డ కట్టించింది ఆమె. చెడ్డ రోజున లేచి ఆ గుడ్డ ముడి లాగితే చాలు, ఏదో ఒక వేడి ముద్ద నోట్లోకి వెళ్ళేది. నొప్పులు పోలేదు. పోతాయని నేను ఎవరికీ చెప్పను. కానీ ఆకలితో నొప్పి పడటానికీ, కడుపు నిండాక నొప్పి పడటానికీ తేడా ఉంది. ఆ తేడా నాకు ఆమె వల్ల తెలిసింది.

అయినా ఆమెతో వేగడం సుళువు కాదు. కాఫీ పండే కొండ మీద ఉండి నాకు కాఫీ దొరకనిచ్చేది కాదు, రోజుకి ఒక్క గ్లాసు. నూనె ఎక్కువ పోశావని, అన్నం మెత్తబడిందని, వారం రోజులుగా పప్పే తింటున్నావని మా ఇంటి గిన్నెల మూతలు తీసి మరీ తిట్టేది. నొప్పి దాచుకుని బడికి వెళ్తే మొహం చూసి పట్టేసేది. "నొప్పున్నాది సరే, నోరేటయినాది? సెప్పడానికి నోరు కూడా నొప్పేనా?" అనేది.

ఇన్నేళ్ళలో నాకున్న కోరిక ఒక్కటే. ఒక్క పూట ఆమెని నా ఇంట్లో కూర్చోబెట్టి నేను వండి పెట్టాలి. అరవై మంది పిల్లలకి రోజూ వండిన మనిషి, నాకు వండుకోవడం నేర్పిన మనిషి. ఆమెకి ఎవరైనా వండి పెట్టడం నేను చూడలేదు. బడిలో అందరూ తిన్నాక అడుగున మిగిలింది నిలబడే తినేది. "ఈ ఆదివారం మా ఇంట్లో భోజనం అప్పా" అనేదాన్ని. ఆదివారానికి నొప్పులు తిరగబెట్టేవి. ఇంకో ఆదివారం అన్నం పొయ్యి మీద పెట్టి మరిచిపోతే గిన్నె మాడి ఇల్లంతా పొగైంది. ఇంకోసారి అన్నీ కుదిరాయి, వండాను కూడా, ఆ రోజు ఆమె ఎవరి చావుకో పక్క ఊరు వెళ్ళింది. ప్రతిసారీ "తరవాత తింతానులే" అనేది. ఈ జబ్బులో నొప్పి కంటే నన్ను ఎక్కువ విసిగించేది ఇదే. ఎవరికి ఏ మాట ఇచ్చినా, ఆ రోజుకి నా ఒళ్ళు నా మాట వింటుందో లేదో తెలియదు. పిలవడానికే మొహం చెల్లని స్థితి వచ్చింది నాకు.

ఈ శీతాకాలం ఆమె మెట్టు ఎక్కుతూ ఆగడం మొదలుపెట్టింది. కాళ్ళు వాచాయి. బడికి మానింది. కొడుకు జీపులో పాడేరు తీసుకెళ్తే, గుండె బాగా నీరసించిందనీ, కొన్ని నెలలుగా ఇలాగే ఉండి ఉంటుందనీ చెప్పారట. నెలల నుంచి ఆయాసం ఉంటే ఎవరికీ చెప్పలేదు. నోరేమైందని నన్ను అన్నన్ని సార్లు అడిగిన మనిషి. నేను వెళ్ళి అదే మాట అడిగాను. ఆమె గోడ వైపు తిరిగి, "సెప్తే నువ్వేటి సేత్తావు?" అంది. నిజమే, నేనేం చేయగలను. ఆ నిజానికి ఇంకా కోపం వచ్చింది.

తిండి తగ్గిపోయింది ఆమెకి. అంబలి రెండు గుక్కలు తాగి చాలనేది. ఒక సాయంత్రం పక్కన కూర్చుని ఏం తినాలనుందప్పా అని అడిగాను. "సిక్కుడు గింజలు" అంది.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఈ కొండల్లో చేతికొచ్చిన కొత్త పంటని ఎవరికి వాళ్ళు తినేయరు. కొత్త పండగ అవ్వాలి. మామిడికి ఒక కొత్త, కొర్రలకి ఒక కొత్త, చిక్కుడుకి ఒక కొత్త. ఊరి పూజారి రోజు చెబుతాడు, ఆ రోజున ముందుగా ఇంట్లో పోయిన పెద్దలకి పెట్టి, అప్పుడు మిగిలినవాళ్ళు తింటారు. ఒక్కో ఊరికి ఒక్కో రోజు. కొత్త అవకముందు చెట్టున కాయలు ఎండిపోతున్నా ముట్టరు. తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. కొత్త కాకముందు ఎవరో చిక్కుడు గింజలు తెచ్చి ఇస్తే, పిల్లల కూరలో వేయనని అప్ప బడి గుమ్మంలోనే తిప్పి పంపడం నేను కళ్ళారా చూశాను. అన్నీ తెలుసు. కానీ ఆమె నోట చిక్కుడు అన్న మాట వినగానే నా బుర్రలో ఇంకేమీ మిగల్లేదు. ఇన్నేళ్ళకి ఆమె ఒకటి అడిగింది, అది నేను వండగలను.

సంతలో చిక్కుడు కాయలు రాశులుగా పోసి అమ్ముతున్నారు. కిందనున్న ఊళ్ళలో కొత్త అయిపోయింది, అందుకే సంతకి వచ్చాయి. నాకు ఆ ఆలోచనే రాలేదు. కొనుక్కుని వచ్చాను. ఆ నడకకే మోకాళ్ళు పట్టేశాయి. చలి ముదిరింది, వేళ్ళు వాచినట్టున్నాయి. మొదటి రోజు సగం కాయలు వలిచాను. గోరు దించితే మోచేతి దాకా జివ్వుమనేది. రెండో రోజు మిగతావి వలిచాను. మూడో రోజు పొద్దున్న కుర్చీలో కూర్చుని, మెత్తగా ఉడికించి, వెల్లుల్లీ మిరపకాయా వేసి, ఆయాసం మనిషికని నూనె తగ్గించి వండాను. గిన్నె రెండు చేతులతో పట్టుకుని, ఇరవై అడుగులూ మధ్యలో ఒకసారి ఆగి, తీసుకెళ్ళాను.

మూత తీయగానే అప్ప కళ్ళు మూసుకుని వాసన పీల్చింది. మొహం విప్పారింది. తర్వాత నెమ్మదిగా, "ఎక్కడియి?" అంది.

"సంతలోవి. తిను."

"మనూరు కొత్త అవలేదు కదా."

"నీకు ఒంట్లో బాగోలేదప్పా. రోగులకి కూడా కొత్తలూ పాతలూ ఉంటాయా? నువ్వే కదా చిక్కుడు కావాలన్నావు."

"అన్నాను. కొత్తయినాక తింతానని అన్నాను." గిన్నె చేత్తో తడిమి, మెల్లగా నా వైపు జరిపింది. "పెద్దోలు తినకుండా నానెలాగ తింతాను? ఆలకెట్టి నాకెట్టాల. ఇన్నేళ్ళు ఆగినాను, ఇప్పుడాగలేనేటి?"

నేను వాదించాను. మూడు రోజులు కష్టపడ్డానన్నాను, నా చేతులు చూడమన్నాను. ఆమె చూసింది, నిమిరింది, తినలేదు. కోడలు గుమ్మంలో నిలబడి నేలచూపులు చూస్తోంది. నాకు ఇన్నేళ్ళ ఉక్రోషం అంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. "సరే అప్పా. నువ్వు తినేదీ లేదు, ఇక నేను వండేదీ లేదు" అని గిన్నె తీసుకుని వచ్చేశాను. ఆ కూర రెండు పూటలూ నేనే తిన్నాను. చాలా బాగా కుదిరింది. అది బాగా కుదరడం నన్ను ఇంకా మండించింది.

మర్నాడు నేను మంచం దిగలేదు. మూడు రోజుల పనికి ఒళ్ళు జవాబు చెప్పింది. ఆ తర్వాత సంగతి మొదట్లోనే చెప్పాను.

ఆమెని కొండవాలు మీదకి తీసుకెళ్ళారు. అంత ఎత్తు నేను ఎక్కలేను. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, డప్పు చప్పుడు కాఫీ తోటల్లోకి వెళ్ళి కొంతసేపు వినిపించి ఆగిపోయింది. బడి పిల్లలంతా వెళ్ళారు. నేను వెళ్ళలేదు. ఊళ్ళో ఎవరూ ఎందుకు రాలేదని అడగలేదు. అడిగి ఉంటే బాగుండుననిపించింది.

పదిహేను రోజులు గడిచాక కోడలు వచ్చింది. కాఫీ పళ్ళు ఏరి అటునుంచే వచ్చినట్టుంది, వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. వచ్చే గురువారం మా ఊరి చిక్కుడు కొత్త అని చెప్పింది.

"మా ఇంట సిక్కుడు నువ్వే వొండాల టీచరమ్మా."

"నేనా? ఎందుకు?"

"అత్త సెప్పినాది. కొత్త నాడు ఆమె సేత వొండించండి, అప్పుడు తింతాను అని."

"ఎప్పుడు చెప్పింది?"

"నువ్వు కోపంగ ఎల్లిపోనావు కదా, ఆ సాయింత్రమే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"సెబుతానన్నాను. ఇప్పుడొద్దు, పడుకోనీ, దానికి నొప్పులు తగ్గినాక నానే సెబుతానంది." ఆమె ఎర్రబడ్డ వేళ్ళు చీరకి తుడుచుకుంది. "అత్త లేదు కదాని, పరాయి మనిసి వొండొచ్చునా అని పూజారిని కూడా అడిగినాను. తానం సేసి, ఏటీ తినకుండా వొండితే సాలన్నాడు."

ఆ రోజు ఏడ్చాను. నన్ను పడుకోనివ్వమందట. నొప్పులు తగ్గేదాకా ఆగుదామనుకుందట. ఆగడానికి ఆమెకి ఎన్ని రోజులున్నాయో లెక్క చూసుకోవద్దా? తిట్టడానికి మనిషి ఎదురుగా లేకపోతే ఆ తిట్లన్నీ ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

గురువారం పొద్దున్న నా ఒళ్ళు బాగుందని చెప్పను. ఏమీ తినకూడదు కాబట్టి మాత్రలు వేసుకోలేదు. పరగడుపున ఆ మాత్రలు నాకు పడవు. వేడినీళ్ళతో స్నానం చేసి వాళ్ళింటికి వెళ్ళాను. పొయ్యి నేల మీద. కూర్చుంటే నా అంతట నేను లేవలేనని తెలిసే కూర్చున్నాను. కోడలు గింజలు వలిచి పెట్టింది, కట్టెలు సర్దింది, తర్వాత విస్తళ్ళకి అడ్డాకులు కుట్టుకుంటూ గుమ్మం దగ్గర కూర్చుంది. పొగకి కళ్ళు మండుతున్నాయి. గింజలు ఉడికాయి, వెల్లుల్లి వేశాను, మిరపకాయలు వేశాను. గరిటె తిప్పుతూ ఉండగా బుర్ర ఒక్కసారి ఖాళీ అయిపోయింది. ఉప్పు వేశానా?

ఉప్పు డబ్బా నా మోకాలి పక్కనే ఉంది. మూత తీసి ఉంది. నేను తీశానో, ముందే తీసి ఉందో తెలియదు. కోడలిని అడిగితే, తను చూడలేదంది. మామూలు రోజైతే చెంచాతో రుచి చూసేదాన్ని. ఇది పెద్దలకి పెట్టేదాకా నోట పెట్టకూడని కూర. నా జబ్బు నన్ను ఇంతకంటే సరైన చోట దెబ్బ కొట్టలేదు. వేసిందే మళ్ళీ వేస్తే ఎవరూ తినలేరు, వేయకపోయి ఉంటే తర్వాతైనా కలుపుకోవచ్చు. చాలాసేపు ఆలోచించి, డబ్బా మూత పెట్టేశాను.

కొడుకు ఇంటి నడిమి గుంజ దగ్గర ఆకు పరిచి, మొదటి ముద్దా మొదటి కూరా పెట్టాడు. నీళ్ళు వదిలి, పోయినవాళ్ళని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు. తాత, తాత తండ్రి, చిన్నప్పుడే పోయిన ఒక చెల్లెలు. చివరికి తల్లినీ పేరుపెట్టి పిలిచాడు. ఆ పేరు నేను తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ పలకలేదు.

తర్వాత మాకు వడ్డించారు. మొదటి ముద్దకే తెలిసింది. కూరలో ఒక్క రవ్వ ఉప్పు లేదు. కొడుకు తల వంచుకుని తింటున్నాడు. నేను ఆకులోకి చూస్తూ ఉండిపోయాను. కోడలు లేచి ఉప్పు డబ్బా తెచ్చి, భర్త ఆకు అంచున ఇంత, నా ఆకు అంచున ఇంత, తన ఆకు అంచున ఇంత పెట్టింది. డబ్బా పక్కన పెట్టబోయి ఆగింది. ఇంకో చిటికెడు తీసుకుని గుంజ దగ్గరకి వెళ్ళి, వంగి, ఆ ఆకులో కూర మీద కూడా ఉప్పు వేసి, వేలితో కొంచెం కలిపి వచ్చి కూర్చుంది.